పదిహేను అంగుళాలు

మిషిగన్,
డిసెంబర్ 6, 2025

శశికాంత్‌కు నాన్న ఆశీస్సులు.

ఈ ఉత్తరం ముందు మీ అమ్మకు చదివి వినిపించు. ఆష్‌బర్న్‌లో నీ కొడుకును ఒళ్ళో వేసుకుని కూర్చున్న ఆవిడకు నా సంగతులు ఎందుకు పడతాయిలే గానీ, అయినా వినిపించు. నా చెవులకు ఫోన్ పనికిరాదని నీకు తెలుసు. నువ్వొకటి అంటే నాకు ఇంకొకటి వినిపిస్తుంది. మధ్యలో మీ అక్క అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటుంది. అందుకని టాబ్లెట్ మీద ఒంటివేలితో కొడుతున్నాను. తప్పులుంటే దిద్దుకో.

నోవై నుంచి ఇక్కడికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కారు ప్రయాణం. మీ బావ కంపెనీవాళ్ళు కార్లను చలికి పెట్టి పరీక్షించే చోటు ఇది. రాత్రంతా కారును మంచులో వదిలేసి, పొద్దున్నే స్టార్ట్ అవుతుందో లేదో చూసి రిపోర్టు రాయడం ఉమాకాంత్ ఉద్యోగమట. మార్చి దాకా ఇక్కడే. మీనాక్షికి ఇంటి నుంచే పని కాబట్టి తానూ వచ్చింది. నన్ను ఒక్కణ్ణీ నోవైలో వదలలేక సామానుతో పాటు తెచ్చుకుంది. ఇది ఊరంటే ఊరు కాదు. ఒక రోడ్డు, దానికి ఇటు మా ఇల్లు, అటు ఇంకొక ఇల్లు, తక్కినదంతా అడవి. మంచు కిటికీల దాకా ఉంది.

ఈ ఇంటి ఓనరు చలికాలానికి ఫ్లోరిడా పోతూ తన పాత స్నోమొబైల్‌ను మీ బావకు చవగ్గా అంటగట్టి పోయాడు. ముందు మంచు మీద జారే రెండు స్కీలు, పడవ అడుగుల్లాంటి పలకలు, ఉంటాయి. వెనక చక్రాలకు బదులు మిల్లులో బెల్టులాంటి రబ్బరు ట్రాక్ గిర్రున తిరుగుతుంది. మోటార్ సైకిల్‌కూ ట్రాక్టర్‌కూ పుట్టినట్టుంటుంది. శనివారం వచ్చిందంటే మీ బావ దాని మీదే. తొక్కిన దారిలో బాగానే పోతుందట. దారి దిగి మెత్తటి మంచులోకి పోతే మాత్రం వెనక భాగం దిగబడిపోతుందట. ఇంటి వెనక అడవిలో ఒక పెద్ద చిత్తడి నేల ఉంది. దాని ఒడ్డుకు పోయినప్పుడల్లా దిగబడడం, పార తీసి తవ్వుకోవడం, తిట్టుకుంటూ ఇంటికి రావడం. ట్రాక్ పొట్టిదట. పొడుగు ట్రాక్ వేస్తే బరువు పరుచుకుని మంచు మీద తేలిపోతుందట. పాత ట్రాక్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడమని నీకు రాయమన్నాడు. ఇంటర్నెట్‌లో బేరాలాడడంలో నిన్ను మించినవాడు లేడని ఆయనగారి నమ్మకం.

ఎదురింట్లో ఐనో అని డెబ్బై దాటిన మనిషి ఉన్నాడు. మంచివాడే, మా గుమ్మం ముందు మంచు కూడా తోసిపెడతాడు. కానీ ఒక జబ్బు. మీ బావ బండి బయటికి తీస్తే చాలు, రోడ్డు దాటి వచ్చి ఎక్కడికి, ఎటువైపు, ఎన్నింటికి వస్తావు అని ఆరా తీస్తాడు. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదన్న ఇంగితం ఈ దేశంలో ఎవరికీ లేదు. మనవాళ్ళయితే దూరమా అని ఊరుకుంటారు. ఈయన అడిగిన ప్రతిసారీ మీ బావ దిగబడే వచ్చాడు, గమనించు.

మనవడికి ముద్దులు.

మీ నాన్న,
దత్తాత్రేయ


ఆష్‌బర్న్,
డిసెంబర్ 13

నాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అమ్మకు చదివాను. "ఆయనకు మంచు దొరికింది, ఇంక ఇంటి ధ్యాస ఉండదు" అంది. విహాన్‌కు జలుబు తగ్గింది. వాడు రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతున్నాడు. డేటా సెంటర్‌లో నా షిఫ్టూ అంతే కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

బావకు ట్రాక్ దొరికింది. పెన్సిల్వేనియాలో ఒకాయన గరాజ్ ఖాళీ చేస్తున్నాడు. ఇప్పుడున్నదానికంటే పదిహేను అంగుళాలు పొడుగు, పళ్ళు కూడా ఎత్తుగా ఉన్నాయి. బావ ఇంకొంచెం చిన్నది చాలన్నాడు గానీ, ఎలాగూ విప్పుతున్నప్పుడు పిసినారితనం ఎందుకని నేనే దీన్ని ఖాయం చేశాను. ఒక్కటే మాట. ఊరికే తొడిగేస్తే కుదరదట. లోపలి పట్టాలు పొడిగించాలి, పైన రేకు పొడిగించాలి, గేరు మార్చాలి. బావ మెకానికల్ ఇంజనీరు కదా, చూసుకుంటాడు. మీరు పక్కన కూర్చుని సలహాలు ఇవ్వకండి.

అమ్మ ఒక మాట రాయమంది. కొత్త పని మొదలుపెడుతున్నారు కాబట్టి పదిమంది కళ్ళలో పడకుండా చేసుకోమంది. నిరుడు బావ గ్రీన్ కార్డు సంగతి ముందే అందరికీ చెప్పుకున్నందుకే ఆగిపోయిందని ఆవిడ లెక్క. నాకు వీటి మీద నమ్మకం లేదు, చెప్పమంది కాబట్టి చెప్పాను.

బావతో పాటు ఎవరు వెళ్తున్నారు? ఆ ఐనోగారేనా?

మీ
శశి


మిషిగన్,
డిసెంబర్ 29

శశీ,

ట్రాక్ వచ్చింది. నలుగురు మోసుకొచ్చే కొండచిలువలా ఉంది. పండగ సెలవులన్నీ మేమిద్దరం గరాజ్‌లోనే గడిపాం. సలహాలు ఇవ్వకండి అని రాశావు, ఇవ్వలేదు. టార్చిలైటు పట్టుకున్నాను, అంతే. నిడదవోలులో స్టేషన్ మాస్టరుగా బండ్లు ఆపినవాణ్ణి, ఒక బండి విప్పడం ఇన్నాళ్ళకు దగ్గర నుంచి చూశాను.

ట్రాక్ లోపల రెండు పట్టాలుంటాయి, మన రైలు పట్టాల్లాగే. ట్రాక్ వాటి మీద జారుతూ తిరుగుతుంది. వాటి కొసలకు ముక్కలు అతికించి బోల్టులు బిగించాడు మీ బావ. మొదటిసారి తిప్పి చూస్తే ట్రాక్ పళ్ళు పైన రేకుకు రాసుకుని రబ్బరు కమురు వాసన. మళ్ళీ అంతా విప్పి పట్టాలను కాస్త కిందికి దించాడు. వెనక రేకు చాలక కొత్త రేకు కోసి అతికించాడు. పొడుగు ట్రాక్‌ను లాగడానికి ఇంజనుకు శ్రమ ఎక్కువని గొలుసు దగ్గర పళ్ళచక్రం చిన్నది వేశాడు. దీనితో వేగం తగ్గుతుందట, బలం పెరుగుతుందట. వయసొచ్చినవాడికి అదే మంచిది అన్నాను. నవ్వాడు. అతను నవ్వగా చూసి చాలా రోజులైంది.

మీ అమ్మ చెప్పినట్టే చేశాం. పనంతా గరాజ్ తలుపు మూసుకుని చేశాం. ఐనో రెండుసార్లు వచ్చి తట్టాడు, లోపల ఏమిటో చప్పుళ్ళు వినిపిస్తున్నాయని కాబోలు. నేనే అడ్డంగా నిలబడి చలి, చలి అని తలుపు మూసేశాను. ఆయన చూపు పడితే చేసిన బండి కూడా చెడుతుంది. పాత ట్రాక్‌ను చుట్టి మూలన గోనెగుడ్డ కప్పాం. నిన్న నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. ఇంత పొడుగు ట్రాక్ కింద నిమ్మకాయ ఏమైందో కనిపించనే లేదు.

ఇవాళ పొద్దున మొదటిసారి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికి వచ్చాడు. దిగబడలేదు, పార తియ్యలేదు. చిత్తడి నేల మీదుగా అవతలి ఒడ్డుకు పోయాడట. అక్కడ కుందేలు అడుగు తప్ప ఇంకేమీ లేదట. అన్నం తింటూ నాతో ఒక మాట అన్నాడు. "అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు మామయ్యగారూ." ఆఫీసులో రోజంతా అడుగుతారు, వీసా లాయరు అడుగుతాడు, ఎయిర్‌పోర్టులో అడుగుతారు, పద్నాలుగేళ్ళుగా సమాధానాలు చెబుతూనే ఉన్నానన్నాడు. పాపం అనిపించింది.

తోడు ఎవరని అడిగావు. అతనికి తోడు అక్కర్లేదు, తోడు లేకుండా ఉండడానికే వెళ్తున్నాడు.

నాన్న


ఆష్‌బర్న్,
జనవరి 7, 2026

నాన్నగారూ,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. మీ ఉత్తరం చదివి మొదట నవ్వుకున్నాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను పంపిన ట్రాక్ గురించి నాకే ఇప్పుడు గుబులుగా ఉంది.

ఆ బళ్ళు నడిపేవాళ్ళు రాసుకునేవి కొన్ని చదివాను. పొట్టి ట్రాక్ బండి దారి దిగిన పది గజాల్లోనే కూరుకుపోతుంది. మనిషి తిట్టుకుంటూ నడిచి ఇల్లు చేరతాడు. పొడుగు ట్రాక్ బండి అలా ఆపదు. అది తీసుకుపోతూనే ఉంటుంది. ఆగినరోజు నడిచి రాలేనంత దూరంలో ఆగుతుంది. బావను ఇన్నాళ్ళూ ఇంటికి పంపింది ఆ పాత ట్రాకే అనిపిస్తోంది. ఆ అడవిలో ఫోన్ సిగ్నల్ కూడా ఉండదంటున్నారు.

ఇంకొక సంగతి. ఐనోగారు అడిగేది ఆరా తియ్యడం కాదు. అక్కడ పద్ధతే అది. అడవిలోకి పోయేవాడు ఎటు పోతున్నాడో, ఎప్పటికి వస్తాడో ఒక మనిషికి చెప్పి పోతాడు. రాకపోతే ఆ మనిషి వెతకడానికి కబురు పెడతాడు. మీకు ఇది నేను చెప్పాలా? అవతలి స్టేషన్ లైన్ క్లియర్ ఇవ్వనిదే ఒక్క బండినీ వదలని మనిషి మీరు. మీ డ్యూటీలో ఎప్పుడైనా ఎక్కడికని అడగకుండా బండి పంపారా?

అక్కకు బావ చెప్పే వెళ్తున్నాడనుకుంటున్నాను. అయినా ఐనోగారికీ చెప్పమనండి. బండి మార్చిన సంగతి కూడా.

అమ్మ దిష్టి గురించి నాతో రాయించినందుకు ఆవిడతో ఇవాళ పోట్లాడాను. "నేను కళ్ళలో పడకుండా అన్నాను గానీ తలుపులు వేసుకోమన్నానా" అంటోంది.

శశి


మిషిగన్,
జనవరి 16

చిరంజీవి శశికాంత్‌కు,

నీ ఉత్తరం తండ్రికి కొడుకు రాసినట్టు లేదు, డివిజన్ ఆఫీసు నుంచి వచ్చిన మెమోలా ఉంది. లైన్ క్లియర్ పాఠాలు నాకే చెబుతున్నావు. రైలుకు పట్టాలుంటాయి, టైము ఉంటుంది. మనిషి సరదాగా గాలికి తిరగడానికి పోతే దానికీ టోకెన్ ఇవ్వాలా? నాలుగేళ్ళు ఈ దేశంలో ఉంటే మన పద్ధతులన్నీ మూఢనమ్మకాలు, వాళ్ళు చేసేవన్నీ పద్ధతులు. నోరు మంచిదైతే ఊరు మంచిది. ఆ ఐనో నోరు మంచిది కాదని నేను అంటే అది నా అనుభవం.

పదో తారీకు శనివారం మీ బావ బండి తీస్తుంటే ఐనో మళ్ళీ వచ్చి తగులుకున్నాడు. ఆరోజే హ్యాండిల్ దగ్గర తీగ తెగి సగం దారి నుంచి వచ్చేశాడు. దాంతో నేను ఒక ఉపాయం చెప్పాను. గరాజ్‌కు వెనక తలుపు ఉంది. అక్కడ మంచు తవ్వి దారి చేశాను, ఈ వయసులో నడుం పట్టుకునేలా తవ్వాను. ఇక మీదట బండి వెనక నుంచి అడవిలోకే దిగుతుంది. ఐనో నిద్ర లేచేసరికి మీ బావ చిత్తడి నేల దాటి ఉంటాడు.

నీ కంగారు అనవసరం. మీ అక్క ఏమీ అడగదు, గడపలో నిలబడి టిఫిన్ డబ్బా ఇచ్చి లోపలికి వస్తుంది. నేను అలా పెంచాను. అన్నీ మొగుడు తనకు ముందురోజే చెప్పి ఉంటాడు.

మీ బావ బాగానే ఉన్నాడు. కాకపోతే ప్రతిసారీ ఇంకాస్త పొద్దుపోయి వస్తున్నాడు. మొన్న గడ్డానికి ఐసు పట్టి, ఒక చేతికి గ్లవ్ లేకుండా వచ్చాడు. ఎక్కడ పోయిందో గుర్తులేదన్నాడు. అవతల ఒక గట్టు ఉందట, గట్టు ఎక్కితే ఇంకొక లోయ ఉందట, దాని చివర చెట్లు లేని తెల్లటి మైదానం కనిపించిందట. అది సరస్సో, పొలమో తెలియదట. అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదన్నాడు. చెవుడున్నవాడికి ఆ సంగతి చెబుతున్నావా అని హాస్యమాడాను. అతను వినలేదు, వెనక కిటికీలోంచి అడవి వైపు చూస్తున్నాడు.

మీ అమ్మతో అనవసరంగా పోట్లాడకు.

నాన్న


ఆష్‌బర్న్,
జనవరి 22

నాన్నగారూ,

కోపం తెచ్చుకోకుండా చదవండి. ఇవాళ అక్కతో ఫోన్‌లో మాట్లాడాను. బావ ఎటు వెళ్తున్నాడని అడిగాను. తనకు తెలియదంది. ఎప్పుడూ అడగలేదట. "నాన్నగారికి తెలుసు కదరా, రోజంతా ఇద్దరూ గరాజ్‌లోనే ఉంటారు" అంది. మీరేమో అక్కకు తెలుసని రాశారు. నేను మీ ఇద్దరికీ తెలుసనుకున్నాను.

అంటే ఎవరికీ తెలియదు.

ఈ శనివారం పెద్ద మంచు అంటున్నారు. బావకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను, బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. ఆయన మీ మాట వింటాడు. వెళ్ళేముందు ఒక్కసారి అడగండి. ఎటు అని, ఎన్నింటికి అని. రెండు మాటలు. నా కోసం అడగండి నాన్నగారూ. ఆ ట్రాక్ కొన్నది నేను.

శశి


మిషిగన్, ఆసుపత్రి నుంచి,
జనవరి 27

శశీ,

నువ్వు ఎక్కాల్సిన ఫ్లైటు మళ్ళీ రద్దయిందన్న నీ మెసేజ్ చూశాను. తొందరపడి కారులో బయలుదేరకు. రోడ్లు బాగాలేవు. ఇక్కడ నువ్వు వచ్చి చేసేది కూడా ఏమీ లేదు. మీ అక్క ఫోన్‌లో నీకు సగమే చెప్పి ఉంటుంది, అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం నేను శుక్రవారమే చదివాను. చదవలేదని చెబుదామనుకున్నాను గానీ, చదివాను. శనివారం పొద్దున అతను బండి తీస్తుంటే పక్కనే ఉన్నాను. మాట నాలుక చివరి దాకా వచ్చింది. వెళ్ళేటప్పుడు అడగకూడదని, వచ్చాక అన్నీ అడుగుదామని ఊరుకున్నాను. దూరమా అని కూడా అనలేదు. అతను చెయ్యి ఊపి వెనక తలుపులోంచి వెళ్ళాడు. మంచు అప్పటికే మొదలైంది.

చీకటి పడినా రాలేదు. మీనాక్షి నన్ను చూసింది. నేను తనను చూశాను. అప్పుడు తెలిసింది మా ఇద్దరికీ, నువ్వు రాసింది నిజమని. తను ఐనో ఇంటికి పరుగెత్తింది. ఆయన గబగబా ఫోన్లు చేశాడు. అరగంటలో షెరీఫ్ ఆఫీసు పోలీసులు, వాళ్ళ వెనక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, ఎనిమిదో పదో స్నోమొబైల్స్ వచ్చాయి. మంచు పడి మీ బావ జాడ కప్పుకుపోయింది. ఎటు పోయాడని మీనాక్షిని అడిగారు. తను చెప్పలేకపోయింది. చివరికి ఐనోయే చెప్పాడు. ఆ బండి ఇరవై ఏళ్ళుగా తెలుసట ఆయనకు. అది చిత్తడి నేల దాటలేదు, ఒడ్డునే దిగబడుతుంది, అటు మనుషుల్ని పంపి ప్రమాదంలో పెట్టొద్దు, ఇవతలే వెతకండి అన్నాడు. ఆయనకు తెలిసిన బండికి అది సరైన మాటే.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు వాళ్ళు మాట్లాడేది నాకు వినిపించలేదు, వినిపించినా ఆ యాస అర్థం కాదు. మీనాక్షి ఏడుస్తోంది. ట్రాక్ మార్చారని తనకు తెలుసు గానీ, ఆ మార్పుతో బండి ఎంత దూరం పోగలదో తెలియదు. అది తెలిసింది నాకొక్కడికే. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను. వాళ్ళు ఎక్కడ వెతుకుతున్నారో కూడా తెలియకుండా, దేవుడికి దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.

తెల్లవారాక ఐనో మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచాడు. వెతికిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో గీసి ఉంది. ఆ గీతలన్నీ చిత్తడి నేలకు ఇవతలే ఉన్నాయి. అప్పుడు లేచాను. ఆయన చెయ్యి పట్టుకుని గరాజ్‌లోకి లాక్కుపోయాను. మూలన గోనెగుడ్డ తీసి పాత ట్రాక్ చూపించాను. ఆయన దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కోపంగా కాదు. అలా చూడకుండా కొట్టినా బాగుండేది. వెంటనే బయటికి పరుగెత్తాడు.

మధ్యాహ్నం దొరికాడు. చిత్తడి నేలలోనే, అవతలి ఒడ్డుకు కొద్ది దూరంలో, ఒక చెట్టు కింద, బండి పక్కనే. ప్రాణం ఉంది. పైన మంచు ఎంత దట్టంగా ఉన్నా దాని అడుగున నీళ్ళు గడ్డకట్టవట. కదులుతున్నంతసేపూ బండి తేలింది. తిరిగి వస్తూ కళ్ళద్దాలు తుడుచుకోవడానికి ఒక్క నిమిషం ఆపాడట. కింద బురదనీళ్ళు పైకొచ్చి ట్రాక్‌ను పట్టేశాయి, చూస్తుండగానే ఐసు కట్టింది. అప్పటికి అతని బట్టలు పొడిగానే ఉన్నాయి.

చలికి గడ్డకట్టిన కాళ్ళ సంగతి రేపు ఖాయంగా చెబుతామన్నారు. ఎడమది ఉండదు. కుడిది ఇప్పుడే చెప్పలేమన్నారు. మీనాక్షి నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోవడమే నయం.

ఇవాళ సాయంత్రం మీనాక్షి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మీ బావ కళ్ళు తెరిచాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. నాకు వినపడాలని చెవి దగ్గర నోరు పెట్టి, ఊపిరి తీసుకుంటూ మెల్లగా చెప్పాడు. శనివారం చీకటి పడ్డాక ఇవతలి ఒడ్డున వాళ్ళ బళ్ళ చప్పుడు అతనికి వినిపించిందట. దీపాలు కూడా కనిపించాయట. అరిచాడట. ఇంజన్ల హోరులో వాళ్ళకు వినిపించలేదు. దీపాలు ఒడ్డు దాకా వచ్చి, వరసగా ఆగి, అన్నీ ఒక్కసారే వెనక్కి తిరిగాయట. వాళ్ళను అందుకోవాలనే అతను బండి వదిలి నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ దాకా తడిసి, ఇక కదలలేక పాకుతూ మళ్ళీ చెట్టు కిందికి చేరాడు. కాళ్ళు దెబ్బతిన్నది అందుకే.

అంతా చెప్పి, నా చెయ్యి వదలకుండా అడిగాడు.

"అంత దగ్గరికొచ్చి వాళ్ళెందుకు వెనక్కి తిరిగారు మామయ్యగారూ?"

నాకు బాగా వినిపించింది. వినపడనట్టు తల ఊపాను. రేపు మళ్ళీ అడుగుతాడు.

నాన్న